రెండోసారి అడగని బల్ల

గుడివాడలో ధాన్యం బ్రోకర్ కోదండరామయ్యగారు ముప్పై నాలుగేళ్ల వయసులో అన్నం తినడం కొత్తగా నేర్చుకున్నారు. నేను నవ్వించడానికి రాస్తున్న మాట కాదు ఇది, ఆయన నాతో అన్నదే.

1934 సంగతి. మద్రాసులో బియ్యం ఎగుమతి చేసే ఒక కంపెనీ దొర, గుడివాడ మిల్లుల్లో సరుకు కొనిపెట్టడానికి ఏజెంటు కావాలన్నాడు. ముగ్గురిని ఎంచుకుని బందరులో తను ఉండే బంగళాకి మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ఆ ముగ్గురిలో కోదండరామయ్యగారు ఒకరు. అప్పటిదాకా ఆయన పని మిల్లు అరుగుల మీద పొద్దస్తమానం కాచుకు కూర్చోవడం. ఏజెన్సీ వస్తే సొంత ఆఫీసు, గుమ్మం మీద తన పేరుతో బోర్డు. ఆ ఊహతోనే ఆయనకి నిద్రపట్టేది కాదట.

బందరు ట్రావెలర్స్ బంగళాలో ఇరవై ఏళ్లు బట్లరుగా చేసి మానేసిన మీరా సాహెబ్ దగ్గర పదిరోజులు పాఠాలు చెప్పించుకున్నారు.

"సూపు తాగేటప్పుడు చెంచా మీ వైపుకి లాక్కోకండి. అవతలికి తోసి, అప్పుడు నోటికి తెచ్చుకోండి."

"తిండిని అవతలికి తోసేవాణ్ణి ఇంతవరకు చూళ్ళేదు సాయిబుగారూ."

"జుర్రుకునేవాళ్ళని దొర చాలామందినే చూశాడు. మీరూ ఒకళ్ళవకండి."

ఇంట్లో గుత్తివంకాయ మీద ముళ్ల చెంచాతో సాధన చేస్తుంటే ఆయన భార్య ఆనందమ్మగారు విస్తరి వైపే చూస్తూ, "అది వంకాయండీ, ఎలక కాదు. అంతలా పొడవకండి," అన్నారు.

ఆఖరి రోజున సాహెబ్ ఇంకో మాట చెప్పాడు. "వడ్డించేవాడు పక్కకొచ్చి ఒక్కసారే అడుగుతాడు. కావాలంటే అప్పుడే తీసుకోండి. మనిళ్లల్లోలాగా చెయ్యి అడ్డం పెట్టి వద్దొద్దంటే నిజంగానే వెళ్లిపోతాడు."

కోదండరామయ్యగారికి అదే కష్టమనిపించింది. మొదటిసారే సరేనంటే తిండిపోతంటారు. మూడోసారి బతిమాలకపోతే ఇంటివాడు పిసినారంటారు. మా వైపు మర్యాదంతా ఆ వద్దనడానికీ, బతిమాలడానికీ మధ్యనే నడుస్తుంది.

అయినా ఆయన నేర్చుకున్నారు. బంగళాలో ఒడిలో గుడ్డ పరుచుకున్నారు, సూపు చప్పుడు లేకుండా తాగారు, బట్లరు పుడ్డింగు తెస్తే మొదటిసారే తీసుకున్నారు. పక్కన మిల్లు యజమాని ఉమామహేశ్వరరావుగారు ముళ్ల చెంచా రెండుసార్లు కింద పడేసి, ఆ తర్వాత చేత్తోనే కలుపుకుని తినేశారు. మూడో ఆయన ఆచారం పేరు చెప్పి కొబ్బరినీళ్లతో సరిపెట్టుకున్నారు.

పళ్ళాలు తీసేశాక దొర కోదండరామయ్యగారి వైపు తిరిగాడు. పదేళ్లుగా కోస్తాలో ఉన్నవాడు, తెలుగు బాగానే వచ్చు.

"రామయ్యగారూ, ఈ ఏజెన్సీ మీరు చేస్తారా?"

"అబ్బే, నాకంత శక్తెక్కడిదండీ. పెద్దలున్నారు," అన్నారు ఈయన, ఉమామహేశ్వరరావుగారి వైపు చెయ్యి చూపించి.

దొర తలూపాడు. "మీరు చేస్తారా?" అని ఉమామహేశ్వరరావుగారిని అడిగాడు.

"చేస్తానండి," అన్నారాయన వేళ్లు తుడుచుకుంటూ.

కాఫీ వచ్చింది. దొర మళ్లీ తన వైపు తిరుగుతాడని కోదండరామయ్యగారు కప్పు చల్లారేదాకా చూస్తూనే ఉన్నారు. దొర లేచి నిలబడి అందరితో చేతులు కలిపాడు.

ఇంటికొచ్చి జరిగింది ఆనందమ్మగారికి చెప్పారు.

"రేప్పొద్దున్నే బండెక్కి వెళ్లండి. చేస్తానని చెప్పేసి రండి."

"అడిగి వడ్డించుకుంటామా, ఆనందం?"

"ఆయనకేం తెలుసండీ మీ మనసులో ఉన్నది?"

"తెలుసుకుంటాడులే. కబురు పంపిస్తాడు."

వారం రోజులు తపాలా బంట్రోతు కోసం వీధరుగు మీద కూర్చున్నారు. ఎనిమిదో రోజున ఉమామహేశ్వరరావుగారి మిల్లుకి కంపెనీ బోర్డు వచ్చింది. ఆయనేమీ గర్వించలేదు. "రామయ్యా, నువ్వు వద్దన్నావు గనక నాకొచ్చింది," అని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఆ సీజను నుంచి కోదండరామయ్యగారు ఆయన కిందే ధాన్యం నమూనాలు చూసే పనిలో కుదిరారు.

ఆరేళ్ల తర్వాత దొర పని చాలించుకుని ఇంగ్లండు వెళ్లిపోతున్నాడంటే ఈయన, దొరల్ని చూడబోతే మర్యాదకి ఇచ్చే నిమ్మకాయ పట్టుకుని బందరు స్టేషనుకి వెళ్లారు. దొర గుర్తుపట్టాడు.

"ఆరోజు మీకే ఇద్దామనుకున్నాను. అందుకే ముందు మిమ్మల్ని అడిగాను. మీరెందుకు వద్దన్నారు?"

మా ఊళ్లో వద్దనడమంటే వద్దని కాదని, రైలు కదిలే ముందు ఒక దొరకి ఎలా చెబుతారు? "అప్పుడు ఒంట్లో బాగాలేదండీ," అని అబద్ధమాడి నిమ్మకాయ చేతిలో పెట్టారు.

"అయ్యో, ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. నెల రోజులైనా ఆగేవాణ్ణి," అన్నాడు దొర.

ఇంటికొచ్చాక ఆనందమ్మగారు ఏమన్నాడని అడిగారు. దొర కనపళ్ళేదని చెప్పారు. ఆవిడ పోయిన ఏడాదికి ఆయన నాతో ఈ కథంతా చెబుతూ, "ఇవన్నీ ఒక ఎత్తు, నాయనా. ఆవిడతో ఆ అబద్ధం ఆడకుండా ఉండాల్సింది," అన్నారు.