ఒక్కసారే మాట్లాడితే

భైంసా అంబదాస్ పెద్దపల్లిలో ఆఫీసుల కంప్యూటర్ లైన్లు బాగుచేస్తాడు. వైరు తొక్క గోటితోనే ఒలుస్తాడు, కనెక్టర్లు చొక్కా జేబులో పేలాల్లా పోసుకుని తిరుగుతాడు. ఈరోజు ఒక ఆఫీసులో బల్ల కింద దూరి, కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే పాత హబ్ పెట్టె మీద మిణుకుతున్న ఎర్రలైటును క్లర్కుకు చూపించాడు. "రెండు కంప్యూటర్లు ఒక్కసారే మాట్లాడితె వాటి మాటలు వైరుల గుద్దుకుంటయ్ మేడం. అప్పుడు ఒకటి జర తక్కువ, ఒకటి ఎక్కువ ఆగాలె. సమానంగ ఆగితె మళ్ల గుద్దుకుంటయ్." కొత్త పెట్టె బిగించి, మెట్ల మీద టిఫిన్ విప్పి, మస్కట్‌లో ఇండ్లపనికి పోయిన భార్య పద్మలతకు ఫోన్ చేశాడు. "తిన్నవా" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఇద్దరూ ఆగారు. "నువ్వు చెప్పు" అని మళ్లీ ఒక్కసారే అన్నారు. ఈసారి అంబదాస్ ఎక్కువసేపు ఆగాడు. అవతల ఆమె కూడా అంతసేపే ఆగింది.