చక్రానికి వదిలేసిన చెవి

పుస్తకజ్ఞానం చూసుకుని మిడిసిపడే నాలాంటివాళ్ల కోసం ఇది రాసిపెట్టాలి.

కారు చక్రాలు దొంగలపాలు కాకుండా, ప్రత్యేకమైన తాళంచెవితోనే ఊడే తాళం నట్లు వాడాలని లైబ్రరీలో చదివాను. సూళ్లూరుపేట స్టేషన్ బయట కారు ఆపి, నాలుగు చక్రాలకూ నేనే బిగించాను. టీ తాగి వచ్చేసరికి చేపల బుట్టతో ఒకాయన చక్రం పక్కన కూర్చుని ఉన్నాడు. "దొంగ!" అని అరిచి చొక్కా పట్టుకున్నాను. జనం మూగారు.

ఆయన గుప్పిట విప్పాడు. నా తాళం నట్ల చెవి!

"బిగించి, చెవి దానికే వదిలేసి పోతివే అన్నా! ఎవుడన్నా ఊడదీస్తాడని కాపలా కూర్చున్నా. చేపలేసుకుని ఎక్కాల్సిన రైలు కూడా పాయె. ఇంక చొక్కా వదులు."

పుస్తకమిచ్చిన లైబ్రేరియన్ సుశీలమ్మ గారికి, నట్లు తెప్పించిన మస్తానన్నకు, ఆ రోజు నన్ను చీవాట్లు పెట్టిన టీకొట్టు వెంకమ్మక్కకు కృతజ్ఞతలు. నిజానికి ఈ వరుసలో ఆ చేపల బుట్ట ఆయన పేరు ముందుండాలి. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.