ఎక్కడ నొక్కుతోందో చెప్పండి

ఆమె పని కాళ్లు చేయడం. ఆసుపత్రి వెనక, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే పొడవాటి గదిలో, కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాళ్లు తయారుచేస్తుంది. అందరూ కాళ్లక్క అంటారు. మొదట్లో ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరు. ఆమె పట్టించుకోలేదు. పైగా పనిలో కొత్తగా చేరినవాళ్లకు తనే చెబుతుంది: "ఎవరి కాళ్లూ పట్టుకోకుండా బతకాలనుకుంటే ఈ పనికి రాకండి."

బడిలో నేర్చుకున్న పని కాదు. అంతకుముందు చేతిసంచుల దుకాణంలో తోలుపట్టీలు కోసేది. చక్కెర జబ్బు ముదిరి వాళ్లమ్మకు మోకాలి కింద కాలు తీసేశారు. చర్చి సంఘంవాళ్లు చందాలు పోగుచేసి ఒక కాలు చేయించి ఇచ్చారు. వాళ్లమ్మ కొన్నాళ్లు తొడుక్కుని, తర్వాత దాన్ని తలుపు వెనక నిలబెట్టేసింది. ఎందుకమ్మా అంటే, "బాగానే ఉంది, నాకే ఓపిక లేదు" అనేది. ఒక మధ్యాహ్నం కూతురికి ఎందుకో తోచి ఆ కాలు లోపల చెయ్యి పెట్టి తడిమింది. ముందువైపు ఒకచోట గోరు మొనలా తగిలింది. తోలు చెక్కే కత్తితో దాన్ని చెక్కేసి, గరుకు కాగితంతో రుద్ది, మెత్తటి తోలుముక్క అతికించింది. ఆ సాయంత్రం వాళ్లమ్మ వీధి చివరిదాకా నడిచి వచ్చింది.

"ఇన్నాళ్లూ చెప్పొచ్చు కదమ్మా?"

"ఊరికే ఇచ్చినదానికి వంక పెడితే ఏం బాగుంటుందే."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. మరుసటి వారమే ఈ గదికి వచ్చి పని అడిగింది. ముందు నేల ఊడ్చింది, తర్వాత ప్లాస్టర్ కలిపింది, ఆ తర్వాత చేతులే నేర్చుకున్నాయి.

పని చెప్పడానికి తేలిక. తీసేయగా మిగిలిన కాలి భాగానికి ప్లాస్టర్ కట్టు చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి కాలు ఆకారం రాబడతారు. బరువు మోయగల చోట కొంచెం చెక్కుతారు, ఎముక పైకి ఉన్న చోట కొంచెం పూస్తారు. దాని మీద వేడి ప్లాస్టిక్ రేకు పరిచి తొడుగు చేస్తారు. ఎక్కడ ఎంత చెక్కాలో, ఎంత పూయాలో కాగితం మీద రాయడం కుదరదు. అందుకే ఆమెకు ఒక పద్ధతి ఉంది. కొత్త కాలుతో మనిషిని నడిపించాక, తొడుగు తీయించి, చర్మం కళ్లతో చూసి, బొటనవేలితో ఒత్తి చూస్తుంది. ఎర్రగా ఉన్నచోట ఒత్తితే తెల్లబడి మళ్లీ మామూలైతే సరే. ఎరుపు అలాగే ఉండిపోతే తొడుగు మళ్లీ అరగదీసే మిషను మీదికి వెళుతుంది. నోటిని అడగడం కంటే చర్మాన్ని అడగడం మేలని ఆమె నమ్మకం.

పొద్దున్నే, ప్లాస్టిక్ రేకులు మెత్తబరిచే ఓవెన్ వేడెక్కేలోగా, ఇష్టమున్నవాళ్లు బల్ల చుట్టూ నిలబడి చిన్న ప్రార్థన చేసుకుంటారు. రోజుకొకరు ఒక వాక్యం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. కాళ్లక్క వంతు వస్తే ఎవరూ గోడకు ఆనుకోరు, అంతసేపు పట్టదు కాబట్టి. ఒకసారి ఇలా చెప్పింది: "నా కాడి సుళువు అని యేసు అన్నాడంటే, ఆ మాట అన్నది ఒక వడ్రంగి. ఎద్దు మెడ చూడకుండా కాడి చేసేవాడు అలా అనలేడు. మనల్ని చూసే చేస్తాడు. పదండి, ఓవెన్ వేడెక్కింది."

అంత జాగ్రత్తగల మనిషి, ఒక్క మనిషి విషయంలో తన పద్ధతి తానే తప్పింది.

ఆయన్ని అందరూ కండక్టరు గారు అంటారు. బస్సు దిగి చాలాకాలమైనా గొంతు మాత్రం దిగలేదు. ప్రార్థనామందిరంలో జనం తలుపు దగ్గర ఆగిపోతే, "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని ఇప్పటికీ అరుస్తాడు. పింఛను పని మీద వెళ్లినప్పుడు, డిపోలో వెనక్కి వస్తున్న బస్సు కింద పడి ఒక కాలు మోకాలి కింద పోయింది. రోజూ తెల్లవారుజామున జరిగే ప్రార్థనలో ఆ పూట వాక్యం మీద ధ్యానం చెప్పేది ఆయనే. అది అయ్యాక ఇళ్లు తిరుగుతాడు. మెట్లు దిగలేని ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు, పైఅంతస్తుల్లో ఒంటరిగా ఉన్నవాళ్లు ఆయన కోసం తలుపు గడియ తీసి ఉంచుతారు. కాలు పోయాక ఆయన అడిగింది ఒకటే: "నన్ను మెట్లెక్కించు చెల్లెమ్మా, చాలు."

కాలు అందించిన రోజు సంఘంవాళ్లు గది నిండా వచ్చారు. కండక్టరు గారు నడక నేర్పే రెండు కమ్మీల మధ్య నిలబడి, నాలుగడుగులు వేసి, కమ్మీలు వదిలేసి తలుపుదాకా నడిచాడు. అక్కడ నుంచే సాక్ష్యం చెప్పాడు. ఇది ప్రభువు ఇచ్చిన కాలు అన్నాడు, చెల్లెమ్మ చేతులు దీవెన పొందిన చేతులు అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కాళ్లక్క చేతిలో పని పక్కన పెట్టేసి వింటూ నిలబడింది.

"అన్నయ్యా, ఎక్కడైనా నొక్కుతోందా?"

"అంతా కృపేనమ్మా."

ఆ మాటతో ఆమె ఊరుకుంది. తొడుగు తీయించలేదు, చర్మం చూడలేదు.

రోజులు గడిచేకొద్దీ మిగిలిన కాలు కొంచెం సన్నబడుతుంది. తొడుగు వదులై కాలు లోపలికి దిగిపోతుంది. అప్పుడు వచ్చి సరిచేయించుకోవాలి. కండక్టరు గారు వచ్చాడు కానీ గడప దాటలేదు. "పరుగెత్తమన్నా పరుగెత్తుతా చెల్లెమ్మా" అని అక్కడి నుంచే చెయ్యి ఊపి, ఎవరినో చూడాలని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక ఉదయం ఆయన భార్య వచ్చింది. చేతిలో ఒక కవరు. అందులోంచి, మిగిలిన కాలుకు తొడిగే మేజోడు తీసి బల్ల మీద పరిచింది. కొస దగ్గర గోధుమరంగు మరక, ఎన్నిసార్లు ఉతికినా పోనిది.

"చూడమ్మా, నీ దీవెన పొందిన చేతుల పని."

కాళ్లక్క మేజోడు ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. "ఎన్నాళ్లుగా వదినా?"

"నాకు చెబితేగా. నొప్పా అంటే వాక్యం చెబుతాడు. ఇదే నా సిలువ అంటాడు. కూరలో ఉప్పు తక్కువైతే మాత్రం వెంటనే తెలుస్తుంది, అక్కడ ఏ సిలువా గుర్తుకు రాదు."

"రేపు ఎలాగైనా తీసుకురా."

"రమ్మంటే రాడు. నువ్వు సాక్ష్యం చెప్పమన్నావని చెబుతా, ఎగురుకుంటూ వస్తాడు."

అలాగే వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన జుట్టు. గదిలో జనం లేకపోవడం చూసి భార్య వైపు తిరిగాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"కూర్చోండి అన్నయ్యా. కాలు తీయండి."

"బాగానే ఉందమ్మా..."

"బాగుందో లేదో నేను చూస్తాను."

తొడుగు తీశాక అడుగున మడతపెట్టి కుక్కిన రుమాలు బయటపడింది. ఎముక కొస దగ్గర పుండు. నిన్న మొన్నటిది కాదు. కాళ్లక్క చక్రాల కుర్చీ తెచ్చి, తనే తోసుకుంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు శుభ్రం చేసి, చూసి, సూటిగానే చెప్పాడు. "చీము ఎముకను తాకిందేమో ఇప్పుడే చెప్పలేను. తాకితే మోకాలి పైన తీసేయాలి. మానేదాకా ఈ కాలు ముట్టుకోవద్దు."

మోకాలు ఉంటే మనిషి మెట్లెక్కుతాడు. మోకాలు కూడా పోతే, ఆ వయసులో, పైఅంతస్తులు ఇక కలలోనే. ఈ లెక్క ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ గదికి తిరిగొచ్చారు. కండక్టరు గారే ముందు అన్నాడు.

"ఎవరి సిలువ వాళ్లు మొయ్యాలి కదమ్మా."

"ఇది సిలువ కాదు అన్నయ్యా. నేను సరిగ్గా అరగదీయని ప్లాస్టిక్."

ఆయన నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"సిలువ ఇంకొకరి కోసం ఎత్తుకునేది. మీరు దీన్ని మోస్తే ఎవరికి ఏం ఒరిగింది? పైఅంతస్తుల్లో ఉన్నవాళ్లకి మీరే లేకుండా పోయేట్టున్నారు. నా తప్పుకి ప్రభువు పేరు పెట్టకండి."

"ఊరికే వచ్చిన కాలమ్మా. వంక పెట్టడానికి నోరు రాలేదు."

"మా అమ్మా ఇదే మాట అంది." కాళ్లక్క పక్కనున్న స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఊరికే ఇచ్చేవాడు నాసిరకం ఇస్తాడా అన్నయ్యా? కృప అంటే దొరికినదాంతో సరిపెట్టుకోవడం అని మీరు ఎప్పుడూ చెప్పలేదే."

కండక్టరు గారు తల వంచుకున్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"అంతమంది ముందు సాక్ష్యం చెప్పాను. రోజూ పొద్దున్నే నా మాట వినేవాళ్లున్నారు. ప్రభువు ఇచ్చిన కాలుకు పుండు పడిందంటే వాళ్ల విశ్వాసం ఏమవుతుంది?"

"యేసు సమాధిలోంచి లేచాక ఒంటి మీద గాయాలు ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"దాచుకున్నాడా?"

ఆయన చూపు కాలి కట్టు మీదికి వెళ్లింది.

"నమ్మలేనన్న శిష్యుణ్ణి దగ్గరికి పిలిచి, చెయ్యి పెట్టి చూడమన్నాడు. దాంతో అతని విశ్వాసం పోయిందా, వచ్చిందా?"

"స్తోత్రం" అన్నాడు మెల్లగా.

"స్తోత్రం తర్వాత" అంది భార్య. "ముందు అడిగినదానికి జవాబు చెప్పు."

"వచ్చింది" అన్నాడు.

కాళ్లక్క కాసేపు ఆ తొడుగును చేతుల్లో తిప్పింది. "ఆ రోజు నేను చర్మం చూడాల్సింది. మీరు పొగుడుతుంటే వింటూ ఉండిపోయాను. నన్ను క్షమించండి."

"అయ్యో, దానికేముందమ్మా, పర్లేదు..."

"పర్లేదు అనకండి. మోకాలు పోయే పని పర్లేదు ఎలా అవుతుంది? తప్పే. క్షమిస్తే క్షమించానని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి."

కండక్టరు గారు ఆమె ముఖంలోకి చూశాడు. జీవితమంతా క్షమాపణ గురించి చెప్పినవాడికి ఆ ఒక్క మాట వెంటనే రాలేదు. పర్లేదు అనాలంటే దెబ్బ తగల్లేదని నటిస్తే సరిపోతుంది. క్షమించాననాలంటే తగిలిందని ఒప్పుకోవాలి.

"నొప్పి చాలా ఉందమ్మా" అన్నాడు ముందు. తర్వాత అన్నాడు, "క్షమించాను."

మరునాడు తెల్లవారుజామున ఆయన కర్రల మీద ప్రార్థనకు వెళ్లి, నిలబడకుండా కుర్చీలో కూర్చుని ధ్యానం చెప్పాడు. అంత చిన్న ధ్యానం ఆయన నోట ఎవరూ వినలేదు. "నా కాలుకు పుండు పడింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే విశ్వాసం అనుకున్నాను. అది భయం. మోకాలు పోతుందేమోనని ఇప్పుడూ భయంగానే ఉంది. నా కోసం ప్రార్థన చేయండి."

అప్పటిదాకా ఆయన్ని చూస్తే అందరూ బాగున్నాం అనేవారు. ఆ రోజు ప్రార్థన అయ్యాక ఒకావిడ వచ్చి పక్కన కూర్చుని, భర్త పోయిన దగ్గర్నుంచి తనకు ప్రార్థన చేయబుద్ధి కావడం లేదని చెప్పింది. ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే పెద్దాయన, కొడుకుతో మాటలు లేవని చెప్పాడు. కండక్టరు గారు ఇళ్లు తిరగలేకపోయిన ఆ రోజుల్లో ఇళ్లే ఆయన దగ్గరికి వచ్చాయి. పైఅంతస్తులవాళ్ల దగ్గరికి ఆయన భార్య వెళ్లింది. "ఆయనలా వాక్యం చెప్పడం నాకు రాదు, టీ పెట్టడం వచ్చు" అని వంటింట్లోకి నడిచేది.

పుండు మెల్లగా ఎండింది. డాక్టరు ఒత్తి చూశాడు, ఎక్స్‌రే తీయించి చూశాడు. చీము ఎముకదాకా పోలేదన్నాడు. మోకాలు నిలిచింది. కాళ్లక్క పాత తొడుగును సరిచేయలేదు. దాన్ని విరగ్గొట్టి, కొత్తగా అచ్చు తీసింది. ఎముక కొస దగ్గర ప్లాస్టర్ పూస్తున్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్లు పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు.

కొత్త కాలు తొడిగిన రోజు సంఘంవాళ్లను పిలవలేదు. కండక్టరు గారు, భార్య, కాళ్లక్క, అంతే. ఆయన కమ్మీల మధ్య అటు చివరిదాకా నడిచి ఇటు వచ్చాడు. ఆమె నేల మీద మోకాళ్లూని కూర్చుంది.

"ఎక్కడ నొక్కుతోంది?"

ఆయన నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుకదాకా వచ్చినట్టుంది. భార్య గొంతు సవరించుకుంది.

"ఇక్కడ" అని వేలుపెట్టి చూపించాడు. "బయటివైపు. కొంచెమే."

"కొంచెమో ఎక్కువో నేను చూస్తాను."

తొడుగు తీసి, ఎర్రబడ్డచోట బొటనవేలితో ఒత్తింది. అక్కడ లిప్‌స్టిక్ రాసి మళ్లీ తొడిగించి, నిలబెట్టి, తీయించింది. తొడుగు లోపల ఎరుపు అంటుకున్నచోట పెన్సిలుతో గుండ్రంగా గీసి, మిషను మీద అరగదీసి తెచ్చింది. మళ్లీ నడిచాడు.

"ఇప్పుడు?"

"అక్కడ బాగుంది. వెనకాల, మోకాలు మడిచేచోట అంచు గీసుకుంటోంది."

మళ్లీ తీసింది, మళ్లీ అరగదీసింది.

"ఇప్పుడు అన్నయ్యా?"

"లోపలివైపు ఇంకాస్త చూడు చెల్లెమ్మా. మెట్లెక్కేటప్పుడు బరువు అటే పడుతుంది."

"అయిపోయింది" అంది భార్య. "ఇక ఈయన నోరు మూయించడం ఎవరివల్లా కాదు."

కాళ్లక్క తొడుగు చంకలో పెట్టుకుని లేచింది. కండక్టరు గారు ఒంటికాలి మీద కమ్మీ పట్టుకుని నిలబడి, మిషను ఆగేదాకా ఓపిగ్గా చూస్తూ ఉన్నాడు.