సీసం చూడకుండా చెప్పిన మాట

మా ఇంట్లో నోటికన్నా చెయ్యి ముందు లేస్తుంది. నాన్న అమ్మను కొట్టేవాడు, అమ్మ మమ్మల్ని కొట్టేది, నేనూ తమ్ముడూ ఒకరినొకరం కొట్టుకునేవాళ్లం. వానాకాలంలో పుట్టకొక్కుల, అంటే పుట్టగొడుగుల, రోజులొస్తే ఊరు ఊరంతా మా ఇంటిలాగే తయారయ్యేది. రాత్రి ఉరుములు వినబడితే చాలు, చీకటి విడవకముందే గంపలు పట్టుకుని చేల గట్ల మీద పడేవాళ్లు. పుట్టను ఎవరు ముందు చూసి తుమ్మకంప అడ్డం పెడితే దాని మీద మొలిచినవన్నీ వాళ్లవి. తన కంప తీసి పక్కన పారేశాడని నాన్న ఒకసారి సొంత అన్న చేతిని కొడవలితో కోశాడు. ఆ రక్తం చిందిన పుట్టకొక్కులనే అమ్మ కడిగి వండింది. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. సిగ్గులేకుండానే చెబుతున్నాను, రుచిగా ఉన్నాయి.

ఆ కోపం నాతోపాటే చదువుకుంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి రాయచూరులో ఒక కాలేజీ ల్యాబులో చేరాను. అడవిలో, చేలల్లో వాటంతటవే మొలిచే పుట్టకొక్కుల్లో ఏయే ఖనిజాలున్నాయో చూడటం నా పని. అది కూడా కొట్టి చంపే పనే. వాటిని ఎండబెట్టి, కల్వంలో నూరి, ఆ పొడిని నైట్రిక్ ఆసిడ్‌లో ఉడికించాలి. ఎర్రటి పొగ బుసకొడుతూ లేస్తుంది. చివరికి నీళ్లలాంటి ద్రవం మిగులుతుంది. దాన్ని మంటలోకి చిమ్మి, ఆ మంటలోంచి ఒక దీపపు వెలుగును పంపి కొలుస్తాం. ఏ లోహాన్ని వెతకాలంటే ఆ లోహపు దీపమే కావాలి. ఇనుముకు ఇనుము దీపం, సీసానికి సీసం దీపం.

కిందటేడు మా దగ్గర మూడే దీపాలు పనిచేసేవి, ఇనుముకు, జింకుకు, రాగికి. సీసం దీపం మాడిపోయి ఉంది. మా ఊరి పుట్టకొక్కులు అమ్మ తెచ్చిస్తే పరీక్షించాను. ఇనుము దండిగా ఉంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి గొప్పలు పోయాను.

"అమ్మా, నీ పుట్టకొక్కులల్ల ఇనుము మస్తుగున్నది. తిన్నోళ్లకు నెత్తురు పడతది."

సీసం చూడలేదన్న మాట చెప్పలేదు. అమ్మ అడగలేదు, నాకు తట్టనూ లేదు.

ఈ ఏడు తమ్ముడి భార్య, అంటే నా మరదలు, కడుపుతో ఉంది. ఆరో నెలలో నర్సమ్మ చూసి రక్తం తక్కువుందని మాత్రలిచ్చింది. అవి పడక వాంతులయ్యేవి. అప్పుడు అమ్మకు నా మాట గుర్తుకొచ్చింది. మా ఊరి బయట పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటుండేది. ఎవరో బయటి ఊరివాళ్లు నడిపి, మూసేసి పోయారు. దాని వెనక పుట్ట మీద వచ్చేవి అరచేతంత ఉంటాయి. పెద్దవి, మంచివి అని అమ్మ వాటినే ఏరి కోడలికి వండేది. మిగిలినవి రాయచూరుకు తెచ్చి అమ్మేది. వండేటప్పుడు కాలి వెండి మెట్టె తీసి, కడిగి, కుండలో వేసేది. మెట్టె నల్లబడితే విషమున్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు. మా వైపు ఆడవాళ్లందరికీ తెలిసిన పరీక్ష అదొక్కటే.

"రోజు పెట్టొచ్చునా బిడ్డా?" అని ఫోన్లో అడిగింది.

"పెట్టు" అన్నాను.

నెల తిరిగాక కొత్త సీసం దీపం వచ్చింది. అమ్మ ఒక్కో పుట్టవి ఒక్కో పొట్లం కట్టి పంపినవి నా దగ్గరున్నాయి. రెండు పొట్లాల్లో భయపడాల్సిందేమీ లేదు. మూడోది, షెడ్డు వెనకది, మంటలోకి పోగానే అంకె ఎగిరిపడింది. గాజుసామాను మురికేమోనని కడిగి మళ్లీ చేశాను. మళ్లీ అంతే. తల్లి రక్తంలోంచి సీసం కడుపులో బిడ్డకు దిగుతుందనీ, మెదడును పట్టుకుంటుందనీ నేను పుస్తకంలో చదువుకున్నదాన్నే. మూడోసారి చేస్తుంటే ఆసిడ్ ఒలికి వేళ్ల మీద పడింది. చర్మం పసుపుపచ్చగా కాలింది. ఆ మంట చాలదనిపించింది.

అమ్మా తమ్ముడూ ఆ పొద్దున మార్కెట్ రోడ్డు పక్కన గంపతో కూర్చుని ఉన్నారు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పొచ్చు. నేను వెళ్తూనే గంపను కాలితో తన్నాను. పుట్టకొక్కులు రోడ్డు మీద దొర్లాయి. దొర్లనివాటిని మడమతో తొక్కాను. బేరమాడుతున్న ఒక కన్నడామె "ఏనాయ్తమ్మా?" అని ఏమైందో అడుగుతూ వెనక్కి జరిగింది. తమ్ముడు లేచి నా చెంప పగలగొట్టాడు.

"దిమాక్ ఖరాబైందా అక్కా నీకు?"

"ఇసం రా అవి! సీసమున్నది అందుల!"

"అమ్మ మెట్టె ఏసి సూసింది. నల్లగ కాలే. ఇగ ఇసమేడిది?"

"మెట్టెకు సీసం తెల్వదు రా!"

రెండో దెబ్బకు నా పెదవి చిట్లింది. చేతికందిన తూకం రాయి తీసి విసిరాను. కనుబొమ్మ పగిలి రక్తం వాడి కంట్లోకి కారింది. వాడు నా జుట్టు పట్టుకున్నాడు. అడ్డొచ్చిన అమ్మను ఇద్దరం కలిసే తోశాం. ఆమె రోడ్డు మీద చతికిలబడి, లేవకుండా నన్నే చూసింది.

"నువ్వే జెప్తివి గదనే. ఇనుమున్నది, రోజు పెట్టు అని నువ్వే జెప్తివి."

తమ్ముడు నా జుట్టు వదిలాడు. ఆ రక్తాలతోనే ముగ్గురం బస్సెక్కి ఊరికి పోయాం.

మరదలు గడప దగ్గర కూర్చుని జొన్నరొట్టెలో ఆ కూరే అద్దుకుంటోంది. గిన్నె కడుపు మీద ఆనించుకుంది. నేను గిన్నెను కొట్టిన దెబ్బకు కూర గోడంతా చిందింది. ఆమె బెదిరిపోయి రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి పెట్టుకుంది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. కింద కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"నాకు అయి సయించనే సయించవు వదినె," అంది. "కక్కొచ్చినట్లయితది. నువ్వు జెప్పినవని ముక్కు మూసుకోని మింగిన."

ఆ మధ్యాహ్నం తమ్ముడు గడ్డపార తీసుకుని షెడ్డు వెనక్కి పోయాడు. నాగపంచమికి పుట్టలో పాలు పోసే ఊళ్లో పుట్టను ఎవరూ ముట్టరు. వాడు దాన్ని మొదలంటా తవ్వేశాడు, చేతులు బొబ్బలెక్కి పగిలేదాకా. అమ్మ వద్దనలేదు.

మర్నాడు మరదలిని రాయచూరు దవాఖానకు తీసుకెళ్లి పరీక్షకు రక్తం ఇప్పించాం. ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. నెత్తురు పెరిగింది. సీసమూ ఉంది. ఆ పుట్టవి మళ్లీ తినొద్దని, పుట్టాక బిడ్డ రక్తం కూడా చూడాలని డాక్టరమ్మ చెప్పింది. అంతకు మించి ఏ భరోసా ఇవ్వలేదు.

బయట బెంచీ మీద మరదలు నా చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదులుతోంది.

"డాక్టరమ్మ జెప్పింది నాకు సమజ్ గాలే. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్పు వదినె. బిడ్డకేం గాదు గద? నువ్వు జెప్తే నమ్ముత."

ఆమె నా నోటి వంకే చూస్తూ కూర్చుంది.