నీళ్లడిగితే సుస్వాగతం

వెబ్‌సైట్లు చూసుకునే సారా ఏ రెజెక్స్, అంటే లింకుల్ని పోల్చి పట్టే గుర్తుల వరుస, రాయాలన్నా ముందు ఎడమ అరచేతిలో పెన్నుతో గీసుకుంటుంది. పామిడిలో ఈ ఎండలకి చేయి కడుక్కునే నీళ్లు కూడా లేక, పాత గీతల మీదే కొత్తవి పడుతున్నాయి. పల్లెలు నీళ్ల ట్యాంకర్లు అడిగే సైటు మార్చినప్పుడు పాత లింకులన్నీ 'సుస్వాగతం' అనే కొత్త మొదటి పేజీకి మళ్లేలా నియమం రాసింది ఆమే. 'ట్యాంకరు అడిగే పేజీ తప్ప' అనే ముక్క మరిచిపోయింది. మూడు రోజులుగా ఏ పల్లె నుంచీ అర్జీ రాలేదు. ఈ ఉదయం ఒక పల్లె నుంచి సుంకమ్మ ఫోన్ చేసింది.

"నీళ్లడిగితే సుస్వాగతం అంటాండాదేందమ్మా ఇది?"

సారా నియమంలో ఆ ముక్క చేర్చింది. "ఇప్పుడు నొక్కు పెద్దమ్మా."

"ఇంగా సుస్వాగతమే."

నియమం మారింది గానీ, ఒకసారి మళ్లిన ఫోన్లు ఆ తప్పు దారినే గుర్తుపెట్టుకున్నాయి. సారా అరచేతిలో ఉమ్మి, గీతలన్నీ తుడిచేసింది.

"మీది ఏ ఊరు పెద్దమ్మా? చెప్పు, రాసుకుంటా."