ముప్పై నాలుగు కిలోమీటరు రాళ్ళు

నా చిన్నప్పుడు పెనుకొండలో మా ఇంటి పక్కనే మెకానిక్ మామ షాపు ఉండేది. చుట్టం కాదు, కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఆయన మామే. బడి నుంచి రాగానే సంచి మా గడపలో పడేసి ఆయన షాపులో కూర్చునేదాన్ని. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు స్క్రూను అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పుతూ ఇంజను శబ్దం వినేవాడు. ఆ చేతుల మీద నాకు ఎంత గురో! ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా నాయన ధర్మవరంలో ఎవరి మగ్గం మీదనో ఏళ్ళ తరబడి కూలికి నేసి, చివరికి ఒక పాత మోటారు సైకిలు కొనుక్కున్నాడు. ధర్మవరంలో చీరలు తీసుకుని హిందూపురంలో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. ఆ బండేమో పెట్రోలు నీళ్ళలా తాగేది. మైలేజీ పెరగకపోతే వ్యాపారం మానేసి మళ్ళీ మగ్గం గుంతలోకి దిగాల్సిందేనని అమ్మతో అంటుంటే విన్నాను.

మామ ఉపాయం చెప్పాడు. పాత కార్బురేటరును ఎంత ట్యూనింగు చేసినా లాభం లేదు, చిన్న బండిది బిగిస్తే పెట్రోలు తక్కువ లాగుతుందన్నాడు. పెద్ద ఇంజనుకు చిన్నది చాలుతుందా అని నాయనకు అనుమానం. బిగించి, సీసా కట్టి చూపిస్తానన్నాడు మామ. మా వైపు మైలేజీ తేల్చే పద్ధతి అదే. ట్యాంకు పైపు తీసేసి, అర లీటరు పెట్రోలు పోసిన సీసాను హ్యాండిలుకు వేలాడదీసి, అది అయిపోయి బండి ఆగేదాకా నడుపుతారు. ఆ రోజు శుక్రవారం, నాయన నమాజుకు పోవాలి.

"నువ్వు రాకపోతే ఏమప్పా, నీ కూతురిని పంపు. పిల్ల అబద్ధం చెప్తాదా?" అన్నాడు మామ.

ఆ మాటకు నేను పొంగిపోయాను. వెనక కూర్చుని కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టడం నా పని. రోడ్డు దిగుడు వచ్చినప్పుడల్లా బండి చప్పుడు చేయకుండా జారిపోయేది. కొత్త కార్బురేటరుతో ఎంత నున్నగా పోతోందో చూడమన్నాడు. ముప్పై నాలుగో రాయి దాటాక బండి ఆగింది. వెంట తెచ్చిన పెట్రోలు పోసుకుని తిరిగొచ్చాం. ముప్పై నాలుగని, నేనే లెక్కపెట్టానని నాయనకు చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పాత కార్బురేటరు మామకే వదిలేశాడు.

నెల తిరక్కుండానే హిందూపురం దారిలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను పట్టేసింది. చాలినంత పెట్రోలు అందక కాలిపోయిందని అక్కడి మెకానిక్ తేల్చాడట. నాయన ఇంటికొచ్చి, ఆ రోజు బండి ఎట్లా నడిచిందో మళ్ళీ చెప్పమన్నాడు. దిగుళ్ళలో శబ్దమే లేదని గొప్పగా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"దిగుళ్ళలో ఇంజను ఆపేసి దొర్లించినాడు పాపా," అన్నాడు మెల్లగా.

నన్ను వెంటబెట్టుకుని షాపుకు పోయాడు. మా పాత కార్బురేటరు అప్పటికే అమ్ముడై ఇంకెవరి బండికో ఎక్కేసింది. నాయన నిలదీశాడు. మామ నన్ను చూపించాడు.

"నేనేమన్నా చెప్పినానా? ముప్పై నాలుగని చెప్పింది నీ కూతురే గదప్పా."

నేను నాయన చెయ్యి పట్టుకున్నాను. బండి పోతే పోయింది. నేను రోజూ పక్కన కూర్చున్న మనిషి, నన్ను వేలు పెట్టి చూపించాడు. ఇంట్లోకి వచ్చేదాకా నాయన నా చెయ్యి వదల్లేదు. ఆ వారంలోనే ధర్మవరానికి, మగ్గం కూలికి పోయాడు.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను. తగాదాలప్పుడు నా మాటకు విలువుందని జనం పిలుస్తారు. చూసింది చెప్తాను, నాకు అర్థం కాని సంగతి ఏముందో అదీ చెప్తాను. విసుక్కుంటే విసుక్కోనీ. ఆ రాళ్ళు నిజంగానే ముప్పై నాలుగు, ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు. మా నాయన మళ్ళీ కూలికి పోయింది మాత్రం ఆ మాట నమ్మే.