పొట్టేలు ముందు వంగకూడదు

మా నాయన సాయంత్రాలన్నీ పొట్టేలువే. నేను ఆత్మకూరులో బట్టల కొట్టు పని ముగించుకుని, ఉదయగిరి బస్సులో వచ్చి మా ఊరి దగ్గర దిగి ఇల్లు చేరేసరికి మంద దొడ్డిలో ఉండేది, ఆయన వాకిట్లో పొట్టేలు దగ్గర ఉండేవాడు. దాని కొమ్ములకు, మెడకు, భుజాలకు నూనె పట్టిస్తూ కూర్చునేవాడు. మా అమ్మకు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి పెట్టి చూసిన మనిషి కాదు. నానబెట్టిన ఉలవలు దానికి, కోడిగుడ్లు దానికి, కబుర్లు కూడా దానికే. అమ్మ టీ తెచ్చి పక్కన నిలబడితే, గ్లాసు అందుకునేవాడే గాని తలెత్తి చూసేవాడు కాదు.

చుట్టుపక్కల ఆడవాళ్లు అమ్మతో నీ అదృష్టమే అదృష్టం అనేవాళ్లు. వాళ్ల మొగుళ్లు పొద్దుగూకితే మందు సీసాకో, పేకముక్కలకో, ఫోనులో వీడియోలకో అతుక్కుపోయేవాళ్లు. గొర్రెలు కాసేవాడు గొర్రెతో పొద్దుపుచ్చితే తప్పేముంది అని వాళ్ల వాదన. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. తాగినోడు కనీసం ఏదో ఒక వేళకు పడి నిద్రపోతాడు.

ఒక ఆదివారం సాయంత్రం అనంతసాగరం వైపు ఎండిన చెరువులో పందెం జరుగుతుంటే నేనూ వెళ్లాను. మా పొట్టేలూ ఇంకొకటీ వెనక్కి వెనక్కి నడిచి, ఆగి, దూసుకొచ్చి నెత్తీ నెత్తీ కొట్టుకున్నాయి. ఆ చప్పుడు నా పళ్లలోకి దిగింది. కాసేపటికి ఎదుటిదాని కొమ్ము మొదలంటా విరిగి, రక్తం కళ్లలోకి కారసాగింది. అయినా అది నిలబడే ఉంది. జనం ఫోన్లు పైకెత్తి ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు. ఇంట్లో గొంతెత్తని మా నాయన అందరికంటే గట్టిగా అరిచాడు. ఆ ముఖం నేను అంతకు ముందు ఎరగను. నాకు భయం వేసింది.

పందేనికి పొట్టేలును తయారు చెయ్యాలంటే చాలామంది చెట్టుకు ఇసుక బస్తా వేలాడదీసి కొట్టిస్తారు. మా నాయనకు అంత ఓపిక లేదో, అంత ముద్దో గాని, అది పిల్లగా ఉన్నప్పుడు తనే దాని ముందు నడుం వంచి, తల దించి, అరచేతులు నుదుటికి అడ్డం పెట్టుకునేవాడు. అది వెనక్కి నడిచి పరుగెత్తుకొచ్చి ఆ చేతుల్ని గుద్దేది. గుద్దినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టేవాడు. మేమంతా చూసి నవ్వేవాళ్లం. అది బలిశాక ఆయన కూడా బస్తాకే మారాడు. కానీ తన ముందు ఎవరు వంగినా పందేనికి పిలిచినట్టేనని దాని బుర్రలో అప్పటికే పడిపోయింది. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు. అమ్మ ఒకసారి భయపడితే, తాడు ఉండాది గదా అని కొట్టిపారేశాడు.

వాకిలి ఊడ్చాలన్నా, పొయ్యి రాజెయ్యాలన్నా, కుడితి తొట్టి కడగాలన్నా వంగాల్సిందే. మా అమ్మకు సాయంత్రమంతా అలా వంగే గడిచేది.

ఆ రోజు జలదంకి నుంచి ఒకాయన పొట్టేలును వీడియో తీసుకోడానికి వచ్చాడు. కట్టేసి ఉంటే బాగుండదన్నాడు. నాయన పొంగిపోయి తాడు విప్పేశాడు. అమ్మ వాకిలి చివర అటు తిరిగి పొరకతో ఊడుస్తోంది. నేను గేటు తీసి అడుగు పెట్టేసరికి అది వెనక్కి నడుస్తోంది. అమ్మా అని అరిచాను. ఆమె నడుం ఎత్తుతూ ఇటు తిరగబోయింది. అంతలోనే అది తుంటి మీద కొట్టింది. చెరువులో విన్న చప్పుడే మా వాకిట్లో విన్నాను. అమ్మ తొట్టి మీద పడి, అక్కణ్నించి నేల మీద పడింది. అది మళ్లీ వెనక్కి నడిచింది. నేలమీదున్న మనిషిని పక్కటెముకల్లో కుమ్మింది. నాకు రోకలి చేతికందింది. దాని మూతి మీద, కొమ్ముల మీద, ఎక్కడ పడితే అక్కడ బాదాను. నాయన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు.

"ఆగు పాపా, కొమ్ము ఇరిగిపోతాది."

అమ్మ నోట్లోంచి రక్తం వస్తోంది. ఆయన ఆ మాట అన్నాకే అటు చూశాడు.

ఆటోలో ఆత్మకూరుకు, అక్కణ్నించి నెల్లూరుకు తీసుకుపోయాం. తుంటిలో రాడ్డు వేశారు, ఇక జన్మలో వంగకూడదన్నారు. నాయన ఆస్పత్రి వరండాలో తల గోడకేసి కొట్టుకుని ఏడ్చాడు. ఇంటికొచ్చి పొట్టేలును గుంజకు కట్టి, అది మోకాళ్లమీద కూలేదాకా కర్రతో కొట్టాడు. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. మరునాడు కసాయికి ఇచ్చేశాడు. పెళ్లామంటే ఎంత ప్రాణమో అని ఊరు మెచ్చుకుంది. నాకు మాత్రం అసహ్యమేసింది. ఆయన నేర్పింది అది చేసింది, అంతే గదా.

ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రాలు ఆయన అమ్మ మంచం పట్టె మీద కూర్చున్నాడు. నొప్పిగా ఉండాదా అని అడిగేవాడు. ఆ పైన ఆయన చూపు ఖాళీ గుంజ మీదకు పోయేది. అమ్మ మాత్రం ఆయన వచ్చే వేళకు నాచేత తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకునేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి మంచం పక్కన ఆయన లేడు. వాకిట్లో ఒక పొట్టేలు పిల్ల ఉంది. దాని ముందు నాయన నడుం వంచి, అరచేతులు నుదుటికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను మూలనున్న కర్ర తీసుకున్నాను. అది ఆ పిల్లను కొట్టడానికో, ఆయన్ను కొట్టడానికో, ఇప్పటికీ చెప్పలేను. మంచం మీద నుంచి అమ్మ నా చున్నీ పట్టుకుంది.

"పోనీలే పాపా. నేనింక వంగలేను గదా, నన్నేం చెయ్యదులే."

ఇప్పుడు ఆ వాకిలి ఊడ్చేది నేనే.